రెండు సిగరెట్ల సాబ్

దుబాయ్ అవతల రాస్ అల్ ఖైమాలో నేను పనిచేసిన ఫ్యాక్టరీలో, కొత్తగా చేరిన ప్రతి మనిషికీ మొదటి రోజు ఒక కథ చెప్పేవాళ్లు. తెర మీద సగం కాలిన చెక్కపెట్టె ఫొటో పడేది. సేఫ్టీ ఆఫీసరు మలబారీ మనిషి. హిందీలో మొదలుపెట్టేవాడు. ఇక్కడొక జపాన్ ఇంజనీరు ఉండేవాడు, అందరిలా ఒక సిగరెట్టు కాదు, రెండు చేతుల్లో రెండు పట్టుకుని తాగేవాడు, ఒకరోజు అందులో ఒకటి ఎక్కడ పడేశాడో చూసుకోలేదు, పెట్టె కాలింది, అందులోని కొత్త కరెంటు ప్యానెల్ బూడిదైంది, ఆ మనిషి ఇంటిదారి పట్టాడు. "జపాన్‌వాలే కా యే హాల్ హై, తో తుమ్ క్యా చీజ్ హో?" అని, జపాన్‌వాడికే ఈ గతి పడితే మీరెంత అన్నట్టు ముగించేవాడు.

ఆ బ్యాచుల్లో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. వాళ్లకు తెలుగులో చెప్పే పని ఫోర్‌మన్‌గా నాది. నేను ఉన్నదున్నట్టు చెప్పి ఊరుకునేవాణ్ణి కాదు. రెండు చేతులూ ఎత్తి, ఒకసారి కుడిచేతినీ ఒకసారి ఎడమచేతినీ నోటి దగ్గరికి తెచ్చి, మధ్యలో కళ్లు మూసి పొగ వదిలి చూపించేవాణ్ణి. కొత్తవాళ్లు, అప్పటిదాకా బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నవాళ్లు, పడిపడి నవ్వేవాళ్లు. "గా రెండు సిగరెట్ల సాబ్ ముచ్చట మల్లొకసారి చెప్పన్నా" అని క్యాంపులో కూడా అడిగేవాళ్లు. చెప్పేవాణ్ణి.

ఆ కథలో పెట్టె కాలడం నిజం. ఆయన రెండు చేతుల్లో రెండు సిగరెట్లు ఉండటం కూడా నిజమే. మిగిలినదంతా సరిచేయాలి. ఆయన లేడని తెలిసింది. ఉన్నప్పుడే చెయ్యాల్సిన పని ఇది.

కరోనా వచ్చిన సంవత్సరం మొదట్లో, కొత్త మిల్లు బిగించే పని మీద ఆయన వచ్చాడు. అరవై దాటినవాడు. మెడ చుట్టూ చిన్న తెల్ల తువ్వాలు వేసుకుని, దాని కొసలు చొక్కాలోకి దోపుకునేవాడు. కోతలకు పోయే మా ఊరి ముసలివాళ్లు గుర్తొచ్చేవాళ్లు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు నాకు వచ్చినంతే. అందుకే ఒకరి మాట ఒకరికి బాగా తెలిసేది. ఎక్కువ తెలిసినవాళ్లతోనే ఇద్దరం తికమకపడేవాళ్లం.

వచ్చిన రోజు ఆయన మిల్లు గురించి అడగలేదు. పొగ తాగే చోటు ఎక్కడని అడిగాడు. అట్లాంటిది లేదు. ఎవరికి ఏ గోడ చాటుంటే అదే చోటు. నేను చెయ్యి చాపి ఫ్యాక్టరీ మొత్తం చూపించాను. ఆయన నవ్వలేదు. జేబులోంచి చిన్న కాగితం ముక్క తీసి చింపి, గాలికి వదిలి, అది ఎటు పోతున్నదో చూశాడు. అట్లా నాలుగైదు చోట్ల చూసి, స్టోరు వెనక నీడలో ఒక జాగా ఖాయం చేశాడు. అక్కడ సగానికి కోసిన డ్రమ్ములో ఇసుక పోయించి, పాత పలకలతో బెంచీలు కొట్టించాడు. ఆ బెంచీలు తయారయ్యేదాకా ఆయన మా ఫ్యాక్టరీ లోపల ఒక్క సిగరెట్టూ వెలిగించలేదు.

చొక్కా జేబులో ఒక రేకు డబ్బీ ఉండేది. మూత తెరిస్తే లోపల బూడిద, ఆర్పిన సిగరెట్టు ముక్కలు. మొదట చూసినప్పుడు, అక్కడే చాయ్ పోసే మా మామ దాన్ని సున్నం డబ్బీ అనుకున్నాడు. "సాబ్ గూడ తమలపాకు ఏస్కుంటడా ఏంది?" అని నన్ను అడిగాడు. ఇసుక డ్రమ్ము పక్కనే ఉన్నా ఆయన తన ముక్కను ఆ డబ్బీలోనే ఆర్పేవాడు. డ్రమ్ము ఇతరుల కోసం. ఆయన దేశంలో రోడ్డు మీద నడుస్తూ సిగరెట్టు తాగితే చాలా ఊళ్లలో జరిమానా వేస్తారట. ఎవరూ జరిమానా వెయ్యని ఈ రాళ్ల కొండల కింద కూడా ఆయన నడుస్తూ ఒక్క దమ్ము పీల్చలేదు. "పొగ నాది. కాబట్టి బూడిదా నాదే," అనేవాడు.

మా క్రేన్ ఆపరేటరు బిహారీ. నోట్లో సిగరెట్టు లేకుండా నడవలేడు. ఒకరోజు అతను అట్లా పోతుంటే ఆయన పక్కకు చేరి, ఏమీ అనకుండా అతనితోపాటు నడవడం మొదలుపెట్టాడు. అతను ఆగితే ఆగాడు. మళ్లీ నడిస్తే నడిచాడు. చివరికి అతనే భయపడి "క్యా హువా సాబ్?" అన్నాడు. ఆయన డబ్బీ మూత తెరిచి ముందుకు చాపాడు. తర్వాత తన చెయ్యి కిందికి వేలాడేసి, సిగరెట్టు పట్టుకునే వేళ్ల దగ్గర ఒక పిల్లవాడి తల ఉన్నట్టు నిమిరి చూపించాడు. నడిచే మనిషి చేతిలోని నిప్పు చిన్నపిల్లల కళ్ల ఎత్తులో ఉంటుందని ఆయన చెప్పదలచింది.

"యహాఁ బచ్చా కహాఁ హై సాబ్?" అన్నాడు బిహారీ. చుట్టుపక్కల ఎక్కడా పిల్లలే కాదు, ఆడమనిషి కూడా లేదు.

ఆయన తన వేళ్ల వైపు చూసుకున్నాడు. "ఆ సంగతి చేతికి తెలియదు," అన్నాడు.

పొద్దున పదింటికీ, మధ్యాహ్నం మూడింటికీ ఆయన పని ఆపేవాడు. వాళ్ల దగ్గర వడ్రంగులు, తాపీవాళ్లు అందరూ ఆ వేళలకు ఆపుతారట. దానికి "ఇప్పుకు" అని పేరు. ఒక దమ్ము అని అర్థం. సిగరెట్టు తాగనివాళ్లు కూడా వచ్చి కూర్చోవాల్సిందే. ఆ కాసేపట్లో పని మాట ఎత్తకూడదు. ఒకసారి మా ముదీర్, అంటే ఫ్యాక్టరీ మేనేజరు, స్వయంగా అక్కడికి వచ్చి బోల్టుల సంగతి మొదలుపెట్టాడు. ఆయన లేచి, బెంచీ మీద తన చోటు చూపించి, ముదీర్ చేతిలో చాయ్ కప్పు పెట్టి, తను నిలబడ్డాడు. ముదీర్ చాయ్ తాగి ఎండ గురించి మాట్లాడి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మావాళ్లు ముదీర్‌కన్నా ఆయనకే ఎక్కువ భయపడ్డారు, భయపడాల్సింది ఏమీ లేకపోయినా.

నేను ఊరి నుంచి తెచ్చుకున్న బీడీకట్టలోంచి ఒకటి ఇచ్చాను. ఆయన వెలిగించలేదు. ముందు తిప్పి తిప్పి చూశాడు. తునికాకు మడత, కొసకు చుట్టిన దారం, గోటితో లోపలికి నొక్కిన మూతి.

"ఎవరు చేస్తారు?"

"మా అమ్మ. నా భార్య. ఊళ్లో ఆడవాళ్లందరూ."

ఆకు మట్టిలో కలిసిపోతుందనీ, దీనికి డబ్బీ అక్కర్లేదనీ చెప్పాను. తలూపాడు. బీడీ చివరిదాకా తాగి, వేలు కాల్చుకుని, ముక్కను మాత్రం డబ్బీలోనే వేశాడు.

ఇక మా మామ సంగతి చెప్పాలి. ఆయన మా అమ్మకు తమ్ముడు. నాకు పిల్లనిచ్చిందీ ఆయనే. నన్ను దుబాయ్‌కి తెచ్చిందీ ఆయనే. ఆఫీసులో చాయ్ చేసే పని. పదింటికీ మూడింటికీ ఫ్లాస్కు పట్టుకుని మా బెంచీల దగ్గరికి వచ్చేవాడు. నేను నడివయసు మనిషిని, నా కింద పదిమంది పనిచేస్తారు. అయినా మామ ముందు సిగరెట్టు పట్టుకోవడం మావైపు జరిగే పని కాదు. అది ఆయనకూ తెలుసు. అందుకని స్టోరు మూల తిరగకముందే గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గు వినగానే నేను నా సిగరెట్టును ఎక్కడో ఒకచోట మాయం చేసేవాణ్ణి. ఆయన వచ్చేసరికి నేను ఆకాశం చూస్తూ ఉండేవాణ్ణి. పొగ మాత్రం మా ఇద్దరి మధ్యా తేలుతూ ఉండేది. దాని గురించి ఎవరమూ మాట్లాడేవాళ్లం కాదు.

జపాన్ సాబ్ ఈ దగ్గును జబ్బు అనుకున్నాడు. మామకు దగ్గు బిళ్లలు ఇచ్చాడు. మామ తీసుకున్నాడు, చప్పరించాడు, మర్నాడు మళ్లీ దగ్గుతూ వచ్చాడు. సాబ్ ఇంకో రకం బిళ్లలు ఇచ్చాడు. కొన్ని రోజుల తర్వాత నన్ను అడిగాడు.

"మీ మామ వచ్చేటప్పుడే దగ్గుతాడు. పోయేటప్పుడు దగ్గడు. ఎందుకు?"

చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాడు. నవ్వేటప్పుడు శబ్దం రాదు, భుజాలు మాత్రం కదులుతాయి.

"మీ అమ్మ చేస్తుంది. నువ్వు తాగుతావు. మామకు తెలియకూడదు."

"అవును."

"నిజంగా తెలియదా?"

"తెలియదు సాబ్," అన్నాను. అప్పుడు నేను అదే నమ్మాను.

ఆయనకు నా మర్యాద నచ్చింది కానీ, నేను సిగరెట్టును మాయం చేసే పద్ధతి నచ్చలేదు. ఒకసారి బూటు కింద, ఒకసారి గోడ పగుల్లో, ఒకసారి ఖాళీ కప్పులో. మర్నాడు దగ్గు వినపడగానే ఆయన చెయ్యి చాపి నా వేళ్ల మధ్య నుంచి సిగరెట్టు లాక్కున్నాడు. మామ వచ్చేసరికి సాబ్ కుడిచేతిలో ఒకటి, ఎడమచేతిలో ఒకటి. మొహంలో ఏ మార్పూ లేదు. మామ చాయ్ పోశాడు. కప్పు అందుకోవడానికి సాబ్‌కు చెయ్యి ఖాళీ లేదు. మామ కప్పును బెంచీ మీద పెట్టి, రెండు చేతుల వైపూ చూసి పోయాడు.

"గీయనకు ఒక్కటి సాలదా అల్లుడా?" అని నన్ను తర్వాత అడిగాడు.

"పెద్ద ఇంజనీరు గద మామా," అన్నాను.

ఆ తర్వాత అది రోజూ జరిగింది. దగ్గు, చాచిన చెయ్యి, రెండు సిగరెట్లు. మామ పోగానే నాది నాకు తిరిగి ఇచ్చేవాడు. అంతసేపూ దాన్ని నోటి దగ్గరికి తీసుకుపోయేవాడు కాదు. బూడిద రాలకుండా డబ్బీ మీదే పట్టుకునేవాడు. ఇదీ ఆయన రెండు చేతులతో తాగిన విధం.

కరోనా వచ్చాక విమానాలు ఆగిపోయాయి. కొన్ని వారాలకని వచ్చినవాడు ఇక్కడే చిక్కుకున్నాడు. రంజాన్ నెల కూడా అప్పుడే వచ్చింది. పగలు బయట తాగకూడదని ఆయనకు తెలుసు. గెస్ట్‌హౌస్‌లో తన గదిలో తాగొచ్చు, ఎవరూ చూడరు అని చెప్పాను. "పొగకు గోడ తెలియదు," అన్నాడు. ఆ నెలంతా సూర్యాస్తమయం దాకా ఆగాడు. ఉపవాసం ఉన్న మా పెయింటరు పాకిస్తానీ ఆయన్ని చూసి "యే భీ రోజే సే హై క్యా?" అనేవాడు, ఈయనా ఉపవాసమేనా అన్నట్టు.

పండగ అయ్యాక బెంచీల దగ్గరికి మళ్లీ చేరాం. కానీ ఇప్పుడు నేల మీద దూరం దూరంగా తెల్ల రంగుతో గుండ్రాలు గీశారు. ఒక గుండ్రంలో ఒక మనిషి. నా గుండ్రం జరిగి జరిగి జపాన్ నుంచి వచ్చిన చెక్కపెట్టెల పక్కన పడింది. వాటిలో సామాను కదలకుండా కాగితం ముక్కలు, చెక్క పొట్టు కుక్కి ఉంటాయి. సాబ్ మొదటి రోజే ఆ పెట్టెల్ని చూపించి జరిపించమన్నాడు.

"బుక్రా, సాబ్," అన్నాను. రేపు అని. ఇక్కడ బుక్రా అంటే రేపే కానక్కర్లేదని ఆయనకు అప్పటికే తెలుసు. మర్నాడు మళ్లీ చెప్పాడు. నేను మళ్లీ బుక్రా అన్నాను. ఫోర్క్‌లిఫ్ట్ వేరే పని మీద ఉంది. అది అబద్ధం కాదు. కానీ నేను పిలవనూ లేదు.

ఆ రోజు నా దగ్గర సిగరెట్లు లేవు. క్యాంపు మూసేశారు, దుకాణానికి పోనివ్వడం లేదు. సాబ్ తన ప్యాకెట్టులోంచి ఒకటి తీసి, మధ్యలో ఉన్న బెంచీ మీద పెట్టి, వెనక్కి పోయి తన గుండ్రంలో నిలబడ్డాడు. నేను పోయి తీసుకున్నాను. పదింటి చాయ్ వేళ. సగం కాలిందో లేదో, తలెత్తి చూస్తే ఎదురుగా మామ. మూతికి మాస్కు, చేతిలో ఫ్లాస్కు. దగ్గు వినపడలేదు.

నా చెయ్యి నాకు చెప్పకుండానే వెనక్కి పోయింది. పెట్టె పలకల మధ్య సందు తగిలింది. సిగరెట్టు అందులోకి జారింది.

సాబ్ చూశాడు. ఎప్పటిలాగా చెయ్యి చాపి ఒక అడుగు ముందుకు వేశాడు. పాదం తెల్ల గీత దాటింది. కిందికి చూసుకుని ఆగిపోయాడు. ఎవరినీ తాకకూడని రోజులు అవి.

మామ చాయ్ పోసి పోయాడు. నేను సందులో వేలు పెట్టి వెతికాను. ఏమీ తగల్లేదు. పనికి పిలిచే సైరన్ మోగింది.

"ఆరిందా?" అన్నాడు సాబ్.

"ఖలాస్, సాబ్."

"చూశావా?"

"ఖలాస్, ఖలాస్," అన్నాను.

అరగంట గడవకముందే స్టోరు వెనక పొగ లేచింది. మంట పెద్దది కాదు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ పెట్టెలోనే మిల్లు నడిపే ప్యానెల్ ఉంది.

మర్నాడు ముదీర్ మమ్మల్ని కిటికీలన్నీ తెరిచిన గదిలో దూరదూరంగా నిలబెట్టాడు. సిగరెట్టు ఎవరిదని అడిగాడు. అది ఎవరిదని తేలితే వాడి వీసా రద్దు. మామూలు రోజుల్లో అయితే పక్కనున్న అజ్మాన్‌కో దుబాయ్‌లోని నైఫ్‌కో పోయి ఇంకో పని వెతుక్కోవచ్చు. అప్పుడు ఎక్కడా పనుల్లేవు, ఇంటికి పోవడానికి విమానం లేదు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. అది పశ్చాత్తాపం అనుకోవద్దు, భయమే.

సాబ్ చెయ్యి ఎత్తాడు. "నా సిగరెట్టు," అన్నాడు.

సేఫ్టీ ఆఫీసరు నమ్మలేదు. "మీరు కూర్చునేది ఆ చివర కదా సాబ్? పెట్టెలు ఈ చివర."

"నా సిగరెట్టు," అని మళ్లీ అన్నాడు. ఇంకొక మాట కలపలేదు.

అప్పుడు గుమ్మం దగ్గర ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ మా మామ ఎవరూ అడక్కుండానే హిందీలో అన్నాడు. "యే సాబ్ దోనోఁ హాథ్ సే పీతా హై సర్. ఏక్ ఇధర్, ఏక్ ఉధర్. మైఁ రోజ్ దేఖ్తా."

గదిలో నవ్వు లేచింది. ముదీర్ కూడా మాస్కు వెనక నవ్వాడు. రెండు చేతులతో తాగే మనిషి ఒకటి ఎక్కడైనా మరిచిపోవచ్చు. ఆ నవ్వుతో విచారణ అయిపోయింది. ముదీర్ చివరగా నన్ను చూసి "ఫోర్‌మన్, సచ్ హై?" అన్నాడు. సచ్ హై, నిజమే అన్నాను.

ఆయన్ని మళ్లీ ఫ్యాక్టరీలోకి రానివ్వలేదు. విమానాలు మొదలయ్యాక పంపేశారు. వెళ్లే ముందు హెల్మెటు, బూట్లు అప్పగించడానికి గేటు దాకా వచ్చాడు. తీసుకోవడానికి నేను పోయాను. ఏదో అనబోతే ఆయనే ముందు అడిగాడు.

"మామకు తెలిసిందా?"

"లేదు సాబ్."

"మంచిది," అన్నాడు. నిజంగానే సంతోషించాడు, మేమిద్దరం కలిసి మొదలుపెట్టిన పని పాడవకుండా పూర్తయినట్టు.

"మీరెందుకు అట్లా చెప్పారు సాబ్?"

"నా ప్యాకెట్టు. నేనిచ్చాను. ఆరేదాకా నాదే," అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "పెట్టెలు జరిపావా?" అని అడిగాడు.

జరిపానని చెప్పాను. కాలిన తర్వాత జరిపాను. ఆయన ఏ గుర్తూ నాకు ఇవ్వలేదు. డబ్బీని జేబులో తడిమి చూసుకుని కారెక్కాడు.

అంటే ఆయన అబద్ధం చెప్పలేదు. తన లెక్కలో నిజమే చెప్పాడు. ఆ మాటను నేను సంవత్సరాలపాటు నాకు అనుకూలంగా వాడుకున్నాను. ఆయనే ఒప్పుకున్నాడు కదా, నేనేం నింద వెయ్యలేదు కదా అని. కానీ ఎవరూ అడక్కుండానే రెండు చేతులెత్తి, కళ్లు మూసి, పొగ వదిలి నవ్వించింది నేను. అది ఆయన నాకు ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను.

మిల్లును బాగుచేయడానికి మొన్న చలికాలం తర్వాత ఆ కంపెనీ నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. దుబాయ్ ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తూ కారులో సాబ్ ఎలా ఉన్నాడని అడిగాను. చనిపోయాడని చెప్పాడు. ఆ చలికాలంలోనే.

"ఇక్కడ మీకు ఆయన తెలుసా?" అన్నాడు ఆశ్చర్యంగా. "మా దగ్గర కొత్తవాళ్లకు మొదటి రోజు ఆయన కథ చెబుతారు. ఫొటో చూపిస్తారు."

"ఏమని చెబుతారు?"

"అనుభవం ఉన్నవాడు కూడా ఏమరుపాటుగా ఉండొచ్చని."

తిరిగిపోయాక ఆయన సిగరెట్టు మానేశాడట. ఆఫీసులో పొగతాగే గదిలోకి ఎవరు పిలిచినా వెళ్లలేదట. కానీ ఆ డబ్బీ మాత్రం చొక్కా జేబులోనే ఉండేదట. తాగని మనిషి దాన్ని ఎందుకు మోసేవాడో ఎవరికీ తెలియదని ఆ కుర్రవాడు అన్నాడు. నేను రోడ్డు చూస్తూ కారు నడిపాను.

ఆ మధ్యాహ్నం చాయ్ గదిలో మామకు చెప్పాను, సాబ్ పోయాడని. మామ కప్పులు కడగడం ఆపలేదు.

"మంచి మనిషి," అన్నాడు. "నీ సిగరెట్టు మోసిండు."

నాకు మొదట అర్థం కాలేదు.

"నా సిగరెట్టా?"

"రెండిట్ల ఒకటి కొస కొరికి ఉంటుండె. నువ్వు సదువుకునేటప్పుడు పెన్సిల్ గూడ గట్లనే కొరికేటోనివి. నాకెర్క లేదారా? నువ్వు తాగుడు మొదలువెట్టిన్నాడే నీ అత్త చెప్పింది."

"మరి ఎర్కుంటే గట్లెందుకు చెప్పినవ్ ముదీర్‌కు?"

"ఎందుకంటే? నా బిడ్డ సంసారం ఏం గావాలె? ఆయన పోతె ఆయనకు జపాన్‌ల ఇంకో కొలువుంటది అనుకున్న." కప్పు బోర్లించాడు. "ఆయన గూడ నా మొకం జూసిండు. ఏమన్లే."

"ఆ రోజు నువ్వు దగ్గనే లేదు మామా."

మామ ఇటు తిరిగాడు. "ఆ దినాలల్ల ఎవడన్న దగ్గుతడా? జర దగ్గితె సాలు, అంబులెన్స్‌ల ఎక్కిచ్చి ఎటో తీస్కపోతుండిరి. గందుకే సప్పుడు చెయ్యకుంట వచ్చిన. నువ్వు సూస్కుంటవు అనుకున్న."

మామ కుళాయి కట్టేశాడు. దాచానని నేను, చూడలేదని ఆయన. అందరికీ తెలిసిన ఒక సిగరెట్టును దాచడానికి మేం ఒక పరాయి మనిషి పేరు ఖర్చు చేశాం.

"రేపు చెప్త మామా," అన్నాను.

"పిచ్చిలేసిందా? సచ్చిన మనిషికి ఇప్పుడేం ఫాయిదా? నీ కొలువు పోతది. నా మాట గూడ అబద్ధమైతది." మళ్లీ కుళాయి విప్పాడు. "రేపు అని నువ్వు చానసార్లు అంటవు తియ్."

ఆ తర్వాత నా ఉద్యోగం ఏమైందన్నది ఇక్కడ ముఖ్యం కాదు. అజ్మాన్‌లో వేరే పని దొరికింది. మామ ఊరికి వెళ్లిపోయాడు. నాతో మాట్లాడుతున్నాడు, తక్కువగానే.

మామతో ఆ మాట అన్న మర్నాడు పొద్దున కొత్త బ్యాచు ఉంది. సందర్శకులు కూడా అది వినాల్సిందే కాబట్టి కుర్ర ఇంజనీరు ముందు వరసలో కూర్చున్నాడు. వెనక మావైపు నుంచి వచ్చినవాళ్లు. తెర మీద కాలిన పెట్టె పడింది. సేఫ్టీ ఆఫీసరు హిందీలో కథ ముగించి, చెప్పు అన్నట్టు నావైపు చూశాడు. మామ చాయ్ ఫ్లాస్కుతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

నేను చేతులు ఎత్తలేదు.

"గా సిగరెట్టు జపాన్ సాబ్‌ది గాదు," అన్నాను తెలుగులో. "ఆయన రెండు తాగలే. ఒకటి నాది పట్టుకునేటోడు. పెట్టెల ఏసింది నేను."

కొత్తవాళ్లు నవ్వారు. జోక్ అనుకున్నారు. తలుపు దగ్గర నుంచి దగ్గు వినపడింది. స్టోరు మూల అవతలి నుంచి ఎన్నోసార్లు విన్న దగ్గు. ఇంకా టైముంది, దాచుకో అని.

సేఫ్టీ ఆఫీసరు వైపు తిరిగి అదే మాట హిందీలో చెప్పాను. ఆయన నవ్వలేదు. వెనక నవ్వు కూడా ఆగిపోయింది. మామ మళ్లీ దగ్గాడు, ఈసారి ఇంకా గట్టిగా, గొంతు చీరుకుపోయేలా.

ముందు వరసలో కుర్ర ఇంజనీరుకు రెండు భాషలూ రావు. ఏమైందని సైగతో అడిగాడు. నేను ఆయన ఎదురుగా పోయి నిలబడి, సాబ్‌తో మాట్లాడిన ఇంగ్లీషులోనే, తొందరపడకుండా, ఒక్కొక్క మాటే చెప్పాను. ప్యాకెట్టు ఆయనది, సిగరెట్టు నాది, పెట్టెలు జరపమని రెండుసార్లు చెప్పాడు, ఆరిందా అని అడిగాడు, నేను ఖలాస్ అన్నాను. మీ దగ్గర కూడా ఇట్లాగే చెప్పండి.

అంతసేపూ తలుపు దగ్గర నుంచి దగ్గు వినపడలేదు.